ఎంపిక న్యాయంగా జరగలేదనిపిస్తే చదవబుద్ధి కాకపోవడం సహజమేనా?

ప్రశ్న: "2022 అక్టోబరులో తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ రాసి మెయిన్స్‌కి అర్హత సాధించాను. పేపర్ లీకైందని ఆ పరీక్ష రద్దు చేశారు. 2023 జూన్‌లో మళ్లీ రాశాను, అదీ రద్దయింది. 2024లో మూడోసారి రాస్తే కొద్దిలో కటాఫ్ తప్పింది. ఇప్పుడు పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చోలేకపోతున్నాను. ఇంట్లో వాళ్లు సాకులు చెప్తున్నావంటున్నారు. మా తమ్ముడు ప్రైవేటులో ట్రై చేస్తున్నాడు. రిఫరెన్స్ ఉన్నవాళ్లకే పిలుపు వస్తోందని వాడూ డీలా పడ్డాడు. ఎంపిక న్యాయంగా లేదనిపిస్తే మనిషి ఇలా అయిపోవడం సహజమేనా, లేక నాకే పట్టుదల తక్కువా?"

సమాధానం:

సహజమే. అయితే ఇంట్లో వాళ్ల మాటలోనూ కొంత నిజం ఉండొచ్చు. ఈ రెండింటినీ విడదీసి చూసుకోకపోతే ఎవరు ఏ సలహా ఇచ్చినా మీకు పనికిరాదు. నేను ఒక ప్రభుత్వ రంగ సంస్థలో నియామకాల విభాగంలో చాలాకాలం పనిచేశాను, ఇప్పటికీ అప్పుడప్పుడు ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చుంటాను. కాబట్టి బల్లకు అవతలి వైపు నుంచి కనిపించేవే ఎక్కువ చెప్తాను.

విక్టర్ వ్రూమ్ అనే మనస్తత్వవేత్త 1964లో ఒక లెక్క చెప్పాడు. మనిషి ఒక పనికి పూనుకునేటప్పుడు లోపల మూడు ప్రశ్నలు నడుస్తుంటాయి. కష్టపడితే నేను బాగా చేయగలనా? బాగా చేస్తే రావలసింది వస్తుందా? వచ్చేది నాకు అంత ముఖ్యమా? ఈ మూడింటి జవాబులనూ మనసు కూడిక చేయదు, గుణిస్తుంది. ఒక్కటి సున్నా అయితే మొత్తం సున్నాయే.

మీ విషయంలో మొదటి ప్రశ్నకు జవాబు ఎప్పుడో దొరికింది. 2023 జనవరిలో మెయిన్స్‌కి అర్హులుగా ప్రకటించిన 25,050 మందిలో మీరూ ఉన్నారు. పరీక్ష రాసింది 2 లక్షల 86 వేల మంది. కాబట్టి చదవగలరా లేదా అన్న సందేహం అక్కర్లేదు. మూడోదానికీ లోటు లేదు. ఆ ఉద్యోగం మీద ఆశే లేకపోతే ఇంత బాధపడి ఈ ప్రశ్న రాసేవారు కాదు. దెబ్బతిన్నది రెండోది, 'బాగా రాస్తే వస్తుంది' అన్న నమ్మకం. ఇంట్లో వాళ్లకు మొదటిదీ మూడోదీ కనిపిస్తున్నాయి. తెలివి ఉంది, కోరిక ఉంది, మరి చదవడానికేం రోగం అంటున్నారు. రెండోది వాళ్లకు కనపడదు, ఎందుకంటే అది మీ లోపల ఉండేది కాదు. పరీక్ష పెట్టే సంస్థకూ మీకూ మధ్య ఉండేది. దాన్ని పట్టుదలతో పెంచుకోవడం కుదరదు. మోటివేషన్ వీడియోలు ఎన్ని చూసినా మర్నాటికి మళ్లీ మామూలే అవడానికి కారణం ఇదే. ఆ వీడియోలన్నీ మొదటి, మూడో ప్రశ్నల మీదే పనిచేస్తాయి.

మీకు జరిగినదాన్ని ఒకసారి వరసగా చూద్దాం, ఎందుకంటే రెండు రద్దులూ ఒకటి కావు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక వచ్చిన మొదటి గ్రూప్-1 అదే. నీళ్లు, నిధులు, నియామకాలు అని ఉద్యమం నడిచిన చోట, మొదటి గ్రూప్-1 కోసం ఎనిమిదేళ్లు ఎదురుచూసినవాళ్లు ఉన్నారు. 2023 మార్చిలో, పరీక్ష పెట్టే రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ కాన్ఫిడెన్షియల్ విభాగం కంప్యూటర్ నుంచే పేపర్లు బయటికి వెళ్లాయని తేలింది. ఇంజనీరింగ్ పోస్టుల పరీక్షలతో పాటు గ్రూప్-1 ప్రిలిమ్స్ కూడా రద్దయింది. ఇక్కడ తప్పు చేసినవాళ్లు ఉన్నారు, కేసులు పెట్టారు, కోపం తెచ్చుకోవడానికి ఒక మొహం ఉంది.

రెండో రద్దు వేరు. 2023 జూన్ 11న జరిగిన పరీక్షలో పేపర్ లీకైందని కోర్టు అనలేదు. బయోమెట్రిక్ తీసుకుంటామని నోటిఫికేషన్‌లో రాసి, తీసుకోలేదు. మొదటిసారి తీసుకున్నారు, రెండోసారి వదిలేశారు. పైగా పరీక్ష రోజు చెప్పిన హాజరుకూ తర్వాత ప్రకటించిన అంకెకూ 258 తేడా వచ్చింది. 2023 సెప్టెంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి పరీక్షను రద్దు చేస్తే ఇద్దరు జడ్జిల డివిజన్ బెంచ్ దాన్నే సమర్థించింది. ఆ 258 వెనక మోసం ఉందని ఎవరూ నిరూపించనక్కర్లేదు. తాము రాసుకున్న పద్ధతిని తామే పాటించనప్పుడు, ఫలితం నిజంగా సరిగ్గానే ఉన్నా నమ్మడానికి ఆధారం ఉండదు. నా దృష్టిలో అభ్యర్థుల మనసు మీద లీకేజీ కంటే ఈ రెండోదే పెద్ద దెబ్బ. దొంగ పడ్డాడంటే తాళం మారుస్తారనే ఆశ అయినా ఉంటుంది. వేలిముద్ర తీసుకోవడం ఎలా మర్చిపోయారో మాత్రం ఎవరికీ అర్థం కాదు. ఇకముందు మర్చిపోరని నమ్మకమేంటి?

అంకెలు చూడండి. మొదటి ప్రిలిమ్స్‌కి 2 లక్షల 86 వేలు, రెండోదానికి 2 లక్షల 33 వేలు. ఎనిమిది నెలల్లో యాభై వేల మందికి పైగా హాలుకే రాలేదు. అందరూ విరక్తితో మానేశారని అనను. వేరే ఉద్యోగాలొచ్చినవాళ్లు, పెళ్లిళ్లయినవాళ్లు, ఊళ్లకు వెళ్లిపోయినవాళ్లూ ఉంటారు. 2024లో పోస్టులు 563కి పెంచి, వయోపరిమితి 46కి పెంచి కొత్త నోటిఫికేషన్ ఇస్తే మళ్లీ 3 లక్షలు దాటారు. అంటే అవకాశం కనిపిస్తే జనం తిరిగొస్తారు. కానీ వచ్చేవాళ్లలో కొత్తవాళ్లెందరు, మూడోసారి రాస్తున్నవాళ్లెందరు, వాళ్లు ఏ మనసుతో రాస్తున్నారు అన్నది హాజరు పట్టీలో కనపడదు.

ఇప్పుడు అసలు విషయం. ఎంపిక న్యాయంగా జరిగిందా అని మనిషి దేన్ని చూసి నిర్ణయించుకుంటాడు? ఫలితాన్ని చూసి అనుకుంటాం. వస్తే న్యాయం, రాకపోతే అన్యాయం అని. ఇది సగమే నిజం. 1975లో తిబో, వాకర్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు కోర్టు తగాదాల మీద చేసిన పనిలో తేలిందేమిటంటే, తమ మాట చెప్పుకునే అవకాశం దొరికినవాళ్లు ఓడిపోయినా ఆ పద్ధతిని న్యాయమైనదే అంటారు. ఆ తర్వాత వచ్చిన చాలా అధ్యయనాలు దీన్నే ఇంకో వైపు నుంచి చెప్పాయి: ఫలితం అనుకూలంగా ఉన్నప్పుడు పద్ధతి ఎలా ఉన్నా పెద్దగా పట్టించుకోరు, ఫలితం ఎదురుతిరిగినప్పుడే పద్ధతిని తవ్వి చూస్తారు. నియామకాల్లో ఫలితం ఎదురుతిరిగినవాళ్లే ఎక్కువ. 563 పోస్టులకు 3 లక్షల మంది రాస్తే, దాదాపు అందరూ ఓడిపోయేవాళ్లే. కాబట్టి నియామక పద్ధతి అనేది ముఖ్యంగా ఓడిపోయేవాళ్ల కోసం తయారు చేయవలసింది. మా ఆఫీసుల్లో ఈ మాట అంటే వింతగా చూసేవారు.

ఎంపిక న్యాయంగా ఉందని అభ్యర్థికి ఎప్పుడు అనిపిస్తుందో, ఉద్యోగ ఎంపికలకే ప్రత్యేకంగా స్టీఫెన్ గిల్లిలాండ్ అనే పరిశోధకుడు 1993లో పది అంశాలు చెప్పాడు. అన్నీ ఇక్కడ రాయను. ఇంటర్వ్యూ గదుల్లో నాకు మళ్లీ మళ్లీ కనిపించినవి మూడు. అడిగే ప్రశ్నకూ చేయబోయే పనికీ సంబంధం ఉందా? నాకు తెలిసింది చూపించుకునే వీలు ఇచ్చారా? ఎందుకు తీసుకోలేదో చెప్పారా?

మొదటి రెండింటికీ కలిపి ఒక ఉదాహరణ. ఇంజనీరు పోస్టుకు ఇంటర్వ్యూ జరుగుతోందనుకోండి. అబ్బాయి లోపలికొచ్చి, ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బోర్డులో పెద్దాయన బయోడేటా తిరగేసి మొదటి ప్రశ్న వేశాడు: "మీ నాన్నగారేం చేస్తారు?" అబ్బాయి చెప్పాడు, లారీ డ్రైవరని. "ఓహో" అన్నాడు పెద్దాయన. అంతే, దురుద్దేశం ఏమీ లేదు, మాట కలపడానికే అడిగాడు. కానీ ఆ "ఓహో" తర్వాత ఆ అబ్బాయి చెప్పిన జవాబులన్నీ సగం గొంతుతోనే వచ్చాయి. తర్వాత వచ్చిన అభ్యర్థి ఇంటిపేరు చూసి "మీది ఫలానా ఊరా, అక్కడ ఫలానా వాళ్లు మీకేమవుతారు?" అని అడిగితే, బయట బెంచీ మీద ఉన్నవాళ్లకు ఆ సంగతి అరగంటలో తెలిసిపోతుంది. మార్కులు ఎంత నిజాయితీగా వేసినా సరే, ఆ రోజు బెంచీ మీద కూర్చున్నవాళ్లందరి దృష్టిలో ఉద్యోగం ఎవరికి రాబోతోందో అప్పటికే తేలిపోయింది. ఒకరిద్దరు లేచి వెళ్లిపోవడం కూడా చూశాను. నేను బోర్డులో ఉంటే కుటుంబం, ఊరు, ఇంటిపేరు జోలికి వెళ్లవద్దని ముందే మాట తీసుకుంటాను. కొందరు సభ్యులకు ఇది నచ్చదు.

ఇంటర్వ్యూ మార్కుల మీద అనుమానం ఈనాటిది కాదు. 1981లో మొత్తంలో మూడో వంతు మార్కులు ఇంటర్వ్యూకే పెట్టడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. 1985లో హర్యానా సర్వీసు కేసులో 12.2 శాతం దగ్గర గీత గీసింది. తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి కేసు కె. మంజుశ్రీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. జిల్లా జడ్జి పోస్టులకు రాతపరీక్ష, ఇంటర్వ్యూ అయిపోయాక, ఇంటర్వ్యూలోనూ కనీస మార్కులు రావాలని కొత్త షరతు పెట్టి జాబితా మార్చారు. ఆట అయిపోయాక రూల్సు మార్చడం కుదరదని 2008లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 నవంబరులో అయిదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే సూత్రాన్ని నిలబెట్టింది. కోర్టు మాట్లాడింది సమానత్వ హక్కు గురించి. దానివల్ల కాపాడబడింది మాత్రం వ్రూమ్ లెక్కలోని రెండో ప్రశ్నే, 'బాగా చేస్తే వస్తుందా' అన్నది. ఏది చదివితే ఏది వస్తుందో ముందే తెలియకపోతే ఎవడైనా ఎందుకు చదువుతాడు?

2022లో తెలంగాణ ప్రభుత్వం గ్రూప్-1కి ఇంటర్వ్యూ తీసేసి 900 మార్కుల రాతపరీక్షతోనే ఎంపిక అంది. అధికారికి మాటతీరు, తడబడకపోవడం ముఖ్యం కదా, కాగితం మీద అవి ఎలా తెలుస్తాయని నా పాత సహోద్యోగులు చాలామంది అభ్యంతరం చెప్పారు. వాళ్ల వాదనలో పస ఉంది. బాగా నడిపిన ఇంటర్వ్యూ అంటే అభ్యర్థులకే ఇష్టమని పరిశోధనలు కూడా చెప్తున్నాయి, తమను తాము చూపించుకోవచ్చు కనక. అయినా తీసేయడమే మేలనుకుంటాను. ఇంటర్వ్యూ వల్ల వచ్చే లాభం అది బాగా జరిగితేనే. నమ్మకం లేనిచోట బాగా జరిగిన ఇంటర్వ్యూ కూడా బయటికి పైరవీలాగే కనిపిస్తుంది.

ఇక మూడోది, కారణం చెప్పడం. దీన్ని అందరూ మర్యాద కింద లెక్కేస్తారు. అది మర్యాద మాత్రమే కాదని జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు 1990లో అచ్చయిన ఒక అధ్యయనంలో చూపించాడు. నియామకాలది కాదు, జీతాలది. అయినా చెప్పుకోదగ్గది. ఒక కంపెనీకి కాంట్రాక్టులు పోయి రెండు ఫ్యాక్టరీల్లో పది వారాల పాటు 15 శాతం జీతం కోశారు. ఒకచోట పెద్దాఫీసరు గంటన్నర కూర్చుని లెక్కలు చూపించి, బాధపడుతున్నామని చెప్పి, అడిగినవాటికి జవాబిచ్చాడు. రెండోచోట పావుగంటలో ముక్తసరిగా చెప్పి వెళ్లిపోయారు. కోత ఒక్కటే. దొంగతనాలు రెండుచోట్లా పెరిగాయి గానీ, రెండోచోట చాలా ఎక్కువ పెరిగాయి, మానేసి వెళ్లిపోయినవాళ్లూ అక్కడే ఎక్కువ. కారణం చెప్పకుండా తీసుకుంటే మనిషి తన లెక్క తానే సరిచేసుకుంటాడన్నమాట. స్టేసీ ఆడమ్స్ అనే మనస్తత్వవేత్త అంతకు పాతికేళ్ల ముందు చెప్పింది ఇదే: నేను పెట్టినదానికీ నాకు వచ్చినదానికీ పొంతన కుదరకపోతే, రాబడి పెంచుకోలేని చోట పెట్టుబడి తగ్గించేస్తాను. మీరు పుస్తకం మూసేయడం అలా పెట్టుబడి తగ్గించడమే. బద్ధకం అని పేరు పెట్టడం తొందరపాటు.

ఇప్పుడు ఇంట్లో వాళ్ల వైపు వస్తాను. మీకు నచ్చకపోవచ్చు.

న్యాయంగా జరిగిన పరీక్షలో తప్పితే మనిషికి ఒక రకంగా ఎక్కువ నొప్పి. నింద వేయడానికి ఎవరూ దొరకరు, లోపం నాదేనని ఒప్పుకోవాలి. పద్ధతి మీద అనుమానం ఉంటే అహం కొంత బతుకుతుంది. కాబట్టి మనసు అనుమానాన్ని వదులుకోవడానికి ఇష్టపడదు. మీ మూడు ప్రయత్నాల్లో మొదటి రెండూ మీ చేతిలో లేనివి. మూడోది, 2024 ప్రిలిమ్స్, అలా కాదు. అందులో కటాఫ్ తప్పడానికి మొదటి రెండింటి అలసట కారణం కావొచ్చు, నెగటివ్ మార్కులు లేని పేపర్లో తెలివితక్కువగా గుర్తించిన కొన్ని జవాబులూ కావొచ్చు. దాన్ని కూడా పాత రెండింటి ఖాతాలో వేసేస్తే, సరిచేసుకోగలిగింది కూడా సరిచేసుకోలేరు. ఇంట్లో వాళ్లు సాకు అంటున్నది దీన్నే అయితే, వాళ్లు పూర్తిగా తప్పు కాదు.

దీనికి హైదరాబాద్‌లో పోటీ పరీక్షల కోచింగ్‌కు అడ్డా అయిన అశోక్ నగర్ గాలి కూడా తోడవుతుంది. చిక్కడపల్లి లైబ్రరీ బయట టీ కొట్టు దగ్గర ఒక సాయంత్రం నిలబడితే చాలు, ఏ పోస్టుకు ఎంత రేటు నడుస్తోందో, ఏ సెంటర్లో ఎవరి మనుషులున్నారో, ఈసారి జాబితా ఎవరింట్లో తయారైందో అన్నీ వినిపిస్తాయి. కొన్ని నిజం కూడా కావచ్చు, 2023లో ఏం బయటపడిందో చూశాం కదా. ఒకసారి నిజమైన పుకారుకు తర్వాతి పది పుకార్లను మోసే బలం వస్తుంది. ఇబ్బందేమిటంటే, మోటివేషన్ మీద పనిచేసేది జరిగిన అన్యాయం కాదు, జరిగిందని మీరు నమ్మిన అన్యాయం. అబద్ధపు పుకారు కూడా నిజమైన లీకేజీ అంతే గట్టిగా పుస్తకం మూయిస్తుంది. చెప్పేవాడు తను మాత్రం రోజూ లైబ్రరీకొచ్చి చదువుకుంటూనే ఉంటాడు, అది గమనించండి.

ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. కాగితం మీద రెండు నిలువు వరసలు గీసి, ఒకదాంట్లో మీకు తెలిసిన ఆధారమున్న సంగతులు (రద్దు ఉత్తర్వు, తీర్పు, కమిషన్ ప్రకటించిన తుది జవాబుల కీ, మీ మార్కులు), రెండోదాంట్లో విన్నవి రాయండి. మొదటి వరస చూస్తే మీకు కోపం వస్తుంది, రావాలి. రెండో వరస చూస్తే నీరసం వస్తుంది. నా అనుభవంలో చదువు ఆపించేది ఎక్కువగా రెండో వరసే.

సెలక్టయినవాళ్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఎంపిక మీద నీడ పడితే, వచ్చినవాళ్ల ఉత్సాహం కూడా దెబ్బతింటుంది. తెలంగాణ గ్రూప్-2 చూడండి. 1,032 పోస్టులు. 2016లో పరీక్ష, ఓఎంఆర్ జవాబు పత్రంలో వైట్‌నర్ పూయడం, ఒకే ప్రశ్నకు రెండు గుండ్రాలు నింపడం (డబుల్ బబ్లింగ్) మీద గొడవ, కోర్టులు, 2019లో నియామకాలు. 2025 నవంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ ఎంపిక జాబితాను రద్దు చేశారు, తర్వాత డివిజన్ బెంచ్ ఆపింది. ఆరేళ్లుగా ఆఫీసులో ఫైళ్లు చూస్తున్న మనిషి ఒక ఉదయం టీవీలో తన ఉద్యోగం పోయిందని చూసి, కొన్నాళ్లకు ఆగిందని చూశాడు. మీ గ్రూప్-1 కూడా అంతే. 2025 మార్చిలో ఫలితాలు, సెప్టెంబరు 9న సింగిల్ జడ్జి వాటిని కొట్టేయడం, అదే నెలలో డివిజన్ బెంచ్ స్టే, వెంటనే తుది తీర్పుకు లోబడి నియామక పత్రాలు. అలా చేరినవాళ్లలో రాత్రింబవళ్లు చదివి సొంతంగా తెచ్చుకున్నవాళ్లే ఎందరో ఉంటారు. వాళ్లను కింది ఉద్యోగి కూడా ఒకలా చూస్తాడు. పశ్చిమ బెంగాల్‌లో 2016 టీచర్ల, సిబ్బంది నియామకాల్లో 25,753 ఉద్యోగాలను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక్కసారిగా రద్దు చేసినప్పుడు, తప్పు చేయనివాళ్లూ అందులోనే కొట్టుకుపోయారు. తనకు అర్హతతోనే వచ్చిందని పదిమందికీ రుజువు చేసుకోలేని ఉద్యోగి, గట్టిగా నిర్ణయం తీసుకోవలసిన చోట వెనక్కి తగ్గుతాడు. పద్ధతి శుభ్రంగా ఉంటే మొదట లాభపడేది నిజంగా గెలిచినవాడే.

మీ తమ్ముడి సంగతి. ప్రైవేటులో రిఫరెన్స్ ఉంటే పిలుపు త్వరగా వస్తుందన్నది నిజమే, దాచడానికేం లేదు. రిఫర్ చేసిన ఉద్యోగికి బోనస్ ఇచ్చే కంపెనీలు బోలెడు. అయితే రిఫరెన్స్ తలుపు తీయడం వేరు, లోపల మార్కులు వేయడం వేరు. మొదటిదాన్ని చాలామంది అభ్యర్థులు సహిస్తారు. రెండోది జరుగుతోందని తెలిస్తే, బయటివాళ్ల కంటే ముందు లోపలివాళ్లు చప్పబడతారు. నేను చూసిన ఒక సంస్థలో ఒక టీమ్ లీడ్ పోస్టుకు లోపల నుంచి అయిదుగురిని ఇంటర్వ్యూ చేశారు. తీసుకోబోయే మనిషి పేరు ఈమెయిల్ గ్రూపులో అప్పటికే ఉంది. ఎవరో ఐటీ వాళ్లు ముందే చేర్చేశారు. ఆ అయిదుగురిలో ఎవరూ గొడవ చేయలేదు. సాయంత్రం ఆరు కాగానే వెళ్లిపోవడం మొదలుపెట్టారు, అంతే. తర్వాత ఆర్నెల్లలో ముగ్గురు మానేశారు. వాళ్లకు పోస్టు రాకపోవడం కంటే, ముందే అయిపోయిన దానికి తమను షర్టు ఇస్త్రీ చేసుకుని రమ్మనడం ఎక్కువ కాలింది.

ఇంకా మామూలు సంగతి, జవాబే రాకపోవడం. మూడు రౌండ్లయ్యాక హెచ్ఆర్ ఫోన్ ఎత్తరు. కంపెనీకి అది ఒక ఈమెయిల్ ఖర్చు. అభ్యర్థికి మాత్రం తర్వాతి ఇంటర్వ్యూకి ఎలా తయారవ్వాలో తెలియని స్థితి. కోడింగ్ రౌండులో పోయిందా, జీతం దగ్గర పోయిందా, పోస్టే రద్దయిందా తెలియకపోతే, ఖాళీని మనసు 'రిఫరెన్స్ లేదు కాబట్టి' అని నింపేస్తుంది. అది నిజమైనా కాకపోయినా ఇక సాధన చేయాలనిపించదు.

ఇక ఏం చేయాలి? పోటీ పరీక్షలు కొనసాగించాలా మానాలా అన్నది మీ వయసు, ఇంటి పరిస్థితి చూసి మీరే తేల్చుకోవాలి. అది నేను చెప్పను. కొనసాగిస్తే మాత్రం 'బాగా రాస్తే వస్తుందా' అన్న రెండో ప్రశ్నకు వీలైనంత ఆధారం కూడగట్టుకోండి. ప్రతి పరీక్షకూ ఓఎంఆర్ ప్రతి, ప్రాథమిక కీ, తుది కీ దాచుకుని మీ మార్కు మీరే లెక్కేయండి. కీ మీద అభ్యంతరం ఉంటే గడువులోపు అచ్చయిన పుస్తకం పేజీతో సహా పంపండి. లైబ్రరీ మెట్ల మీద తిట్టుకోవడం కంటే ఇదే నయం. కీ తప్పుల మీద పోరాడి గెలిచినవాళ్లు ఉన్నారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటి 2011 గ్రూప్-1 మెయిన్స్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2016లో మళ్లీ జరిగింది అందుకే. ఆ అయిదేళ్లు ఎవరు తిరిగిస్తారన్నది వేరే మాట, అది కూడా లెక్కలో పెట్టుకోండి. మెయిన్స్ జవాబు పత్రాలు చూడటం మాత్రం అంత తేలిక కాదు. ఎవరి జవాబు పత్రం వాళ్లు చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద ఉందని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 2018లో యూపీఎస్సీ కేసులో ఆ తలుపు కొంత మూసింది. కమిషన్లు ఆ రెండో తీర్పునే చూపిస్తాయి.

అన్ని గుడ్లూ ఒకే బుట్టలో పెట్టవద్దని అందరూ చెప్తారు. నేను చెప్పేది కాస్త వేరు. మీ కష్టానికీ ఫలితానికీ మధ్య దారి కళ్లకు కనిపించే ఒక పరీక్షయినా చేతిలో ఉంచుకోండి. తేదీలు ముందే ఇచ్చి పాటించేది, కంప్యూటర్ మీద జరిగేది, మీ స్కోరు మీకు చూపించేది. బ్యాంకు పరీక్షలో, కేంద్ర సర్వీసులో, ఏదైనా సరే. దాంట్లో ఉద్యోగం రాకపోయినా, చదివితే మార్కులు పెరుగుతాయని మీ చెయ్యి మళ్లీ నేర్చుకుంటుంది. 2024 జూన్ నుంచి కేంద్ర పరీక్షలకు అక్రమాల నిరోధక చట్టం అమల్లో ఉంది. ముఠాగా ఏర్పడి పేపర్ లీక్ చేస్తే 5 నుంచి 10 ఏళ్ల జైలు, కోటికి తగ్గని జరిమానా. చట్టం ఒక్కటే సరిపోతుందని నేననుకోను. అయినా భయం కొంత పనిచేస్తుంది.

తమ్ముడికి ఒక మాట చెప్పండి. ఈసారి ఇంటర్వ్యూ చివర్లో "మీకేమైనా అడగాలా?" అంటే జీతం గురించి అడగకుండా, "ఇంకా ఎన్ని రౌండ్లుంటాయి, దేన్ని చూసి నిర్ణయిస్తారు, ఎప్పటిలోగా చెప్తారు?" అని అడగమనండి. చెప్పిన తేదీ దాటిన మర్నాడు ఒక ఈమెయిల్, వారానికి ఇంకొకటి పెట్టి, ఆ కంపెనీని జాబితాలోంచి కొట్టేసి తర్వాతిదానికి వెళ్లమనండి. ఆ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే కంపెనీలు ఉన్నాయి. నీళ్లు నమిలినవాళ్ల దగ్గర మాత్రం ఉద్యోగం వచ్చినా చేరేముందు కాస్త ఆలోచించుకోమనండి. ఎంపికలో అలా ఉన్నవాళ్లు ప్రమోషన్ల దగ్గర మరోలా ఉండటం నేను పెద్దగా చూడలేదు.